మొక్కుకున్న గడ్డం

ఒకరి జుట్టును వాళ్ళని అడక్కుండా దేవుడికి మొక్కేయడం మా ఇళ్ళలో తప్పు కాదు. పిల్లవాడికి జ్వరం వస్తే తల్లి మొక్కుతుంది, మొగుడికి ఆపరేషనంటే పెళ్ళాం మొక్కుతుంది. తల ఎవరిదో వాళ్ళకి ఆ సంగతి చెప్పేది తర్వాత. నేనూ అలాగే మొక్కాను. కాకపోతే నేను మొక్కిన తల మా ఇంటిది కాదు. స్కాట్లాండ్ నుంచి పిల్లలకి చదువు చెప్పడానికి వచ్చి మా మేడమీద గదిలో దిగిన ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడిది.

నేను తమిళనాడులోని రాజపాళయంలో ఒక ఎయిడెడ్ స్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే మా ఆయనకీ నాకూ పూటకో గొడవ. చట్నీలో ఉప్పు మీద కూడా పాఠం చెప్తున్నానని ఆయన ఫిర్యాదు. అందుకని మా బంధువుల ట్రస్టు పక్క ఊరు సత్రపట్టిలో సాయంత్రం బడి పెట్టినప్పుడు, జీతం వద్దు, నన్ను పంపండి అన్నాను. సత్రపట్టిలో ఇంటింటా మరమగ్గాలే. ఆస్పత్రుల్లో గాయాలకి కట్టే పల్చటి తెల్లగుడ్డ అక్కడ నేస్తారు. మగ్గాన్ని అక్కడ తరి అంటారు. ఆ తరుల టకటక ఊరి మలుపులో బస్సు తిరగ్గానే మొదలై, మళ్ళీ బస్సెక్కేదాకా చెవుల్లో ఉంటుంది. ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లలు నోరు తెరిస్తే అరుపే. మెల్లగా మాట్లాడండర్రా అని నేర్పడానికే నాకు మొదటి ఏడు సరిపోయింది.

టీచర్లు చాలని బడులకి విదేశాల నుంచి పడుచువాళ్ళని పంపే సంస్థ ఒకటుంది. తొమ్మిది నెలలకొకరు చొప్పున మాకూ పంపుతుంది. అప్పటికి ఇద్దరు వచ్చి వెళ్ళారు. నాకు వాళ్ళ మీద పెద్ద గురి లేదు. వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, పిల్లల పేర్లు నోటికి వచ్చేలోగా పెట్టె సర్దుకుంటారు. ఈ మూడోవాడు జూలైలో వచ్చాడు. నున్నగా గీసుకున్న మొహం, ఎండకి కందిపోయిన ముక్కు. తమిళం రాదు, తెలుగు రాదు. పోనీ ఇంగ్లీషు చూద్దామంటే ఆ యాస మొదటి వారం నాకే అంతుపట్టలేదు, ఇక పిల్లల మాట చెప్పాలా.

అందుకని అతను ఒళ్ళంతా కదిపి చెప్పేవాడు. కనుబొమ్మలు, చేతులు, నోరు, అన్నీ. ‘సూప్’ అని చెప్పాలంటే గరిటె తిప్పి, ఊది, నాలుక కాలించుకునేవాడు. బోర్డు ముట్టుకునేవాడు కాదు. రాయాల్సిందంతా ముందే పెద్ద అట్టల మీద రాసుకొచ్చి, పిల్లలకి ఎదురుగా నిలబడి ఒక్కొక్కటీ చూపించేవాడు. నాకది బద్ధకంగా కనిపించింది. నేను బోర్డు మీద లెక్క రాస్తూనే నోటితో వివరిస్తాను. రాయడం ముగిసేసరికి చెప్పడమూ ముగుస్తుంది. గీత గీసినట్టుండే అక్షరాలు, అదే సమయంలో మాట. మా పాత స్కూల్లో కొత్తగా చేరిన టీచర్లని ‘చూసి నేర్చుకోండి’ అని నా క్లాసుకి పంపేవారు.

ఇక ఆ పిల్ల. ఎనిమిదో తరగతి, పదమూడేళ్ళు. పగలు ఊళ్ళో బడికి వెళ్ళి, సాయంత్రం మా దగ్గరికి వచ్చేది. రెండేళ్ళుగా నా దగ్గర చదువుతోంది, చదువుతోంది అనడానికి లేదు గానీ కూర్చుంటోంది. ఇప్పుడడిగిన ప్రశ్నకి ఇందాకటి జవాబు చెప్పేది. పక్కపిల్ల నోటుబుక్కులో చూసి రాసుకునేది. తిడితే నవ్వేది. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండేది. మొద్దు అని మనసులో అనుకున్నాను, పైకీ అన్నాను, నలుగురి ముందూ అన్నాను.

మూడు వారాలు గడిచాక అతను నాతో, ఈ క్లాసులో అందరికంటే చురుకైనది ఆ అమ్మాయే అన్నాడు. నేను నవ్వాను. కొత్తగా వచ్చావు, ఇంకా తెలియదులే అన్నాను. అతను ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. దానికి లెక్క చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అన్నాను. ఆ సామెతకి అర్థమేమిటని అడిగాడు. తీరిగ్గా విడమరచి చెప్పాను కూడా.

నవంబరు వానల తర్వాత అతనికి టైఫాయిడ్ వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాం. నాలుగు రోజులైనా జ్వరం దిగలేదు. వాళ్ళమ్మ ఫోన్లో కనపడి, నన్ను బయల్దేరి రమ్మంటారా అని అడిగింది. ఎవరో కన్నబిడ్డ నా ఇంటికప్పు కింద ఉండి మంచాన పడ్డాడు, ఏదైనా జరిగితే ఆ తల్లికి ఏ మొహం చూపిస్తాను అని భయం పట్టుకుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, దేవుడి గూటి ముందు నిలబడి మొక్కుకున్నాను. వీడు లేచి తిరిగితే పొంగల్ వచ్చే తై నెలలో పళని తీసుకొచ్చి తలా గడ్డమూ రెండూ ఇప్పిస్తాను స్వామీ, అన్నాను. మర్నాటికి జ్వరం దిగడం మొదలైంది. డాక్టరు ఇంజక్షన్ గుణమన్నాడు. అననివ్వండి.

మొక్కుకున్నాక, మొక్కు తీరేదాకా కత్తి తగలకూడదు. ఈ సంగతి అతనికి ఇంటికి తీసుకొచ్చాక చెప్పాను. ముందు నవ్వాడు. మర్నాడు పొద్దున పెరట్లో అద్దం పెట్టుకుని రేజరు తీశాడు. నేను వెళ్ళి అది చేతిలోంచి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. నాకు దేవుడి మీద నమ్మకం లేదే, అయినా ఆగాలా అని మర్యాదగానే అడిగాడు. నమ్మకం నీకెందుకు, మొక్కు నాది, జుట్టు నీ తల మీద ఉంది అంతే అన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నాడు. మా ఆయన మాత్రం వారం రోజులు నాతో మాట్లాడేటప్పుడల్లా రెండు చేతులతో తన తల కప్పుకున్నాడు.

డిసెంబరులో అతను మళ్ళీ బడికి వచ్చేనాటికి మొహం నిండా ఎర్రటి గడ్డం. మీసం పెదవుల మీదికి దిగి, కాఫీ తాగితే సగం దానికే. పిల్లలు పడి పడి నవ్వారు, ఆ పిల్లా నవ్వింది. నవ్వులయ్యాక అతను పది మాటలు డిక్టేషన్ ఇచ్చాడు. ఆ పిల్ల కాగితం మీద తన పేరు తప్ప ఏమీ లేదు.

ఆ రోజే కాదు, నెలంతా అంతే. అతను అడిగేవాడు, అది అతని మొహంలోకి రెప్ప వేయకుండా చూసేది, ఆపైన నవ్వేది. గడ్డం వింతగా ఉందేమో, అలవాటవుతుంది అనుకున్నాం. అలవాటు కాలేదు. చేతులతో చూపిస్తే కొంత చెప్పేది. కానీ అప్పటికి పాఠాలు గరిటె తిప్పే దశ దాటిపోయాయి, వాక్యాలొచ్చాయి. అతను నేను అనుకున్నదానికంటే ఎక్కువ బాధపడ్డాడు. ఒకరోజు బస్టాపులో, మీరు చెప్పిందే నిజమేమో, నేనే పొరబడ్డాను అన్నాడు. నాకు లోపల సంతోషం వేసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా వేసిన మాట నిజం.

పొంగల్ వెళ్ళిన వారానికి ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. వాళ్ళూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. తరి ఆపి వచ్చినట్టుంది, జుట్టు మీద దూది నూగు అలాగే ఉంది. గడప దగ్గరే నిలబడి అడిగింది.

“టీచరమ్మా, ఈ ఏడుతో ఎనిమిది అయిపోతుంది. తొమ్మిదిలో వేసేదా, కుట్టు నేర్పించేదా? మీరు ఏమి చెప్తే అదే.”

నేను ఆలోచించను కూడా లేదు. చదువు దానికి రాదమ్మా, నేను రెండేళ్ళు చూశాను, ఈయనా చూశాడు, ఉత్త మొద్దు, కుట్టు నేర్పించు అన్నాను. ఆవిడ తలూపి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టిందేమో. పాల ప్యాకెట్ ఎంచుకోవడానికి నేను అంతకంటే ఎక్కువసేపు తీసుకుంటాను.

తై నెల చివర్లో పళని వెళ్ళాం. అతను మంగలి ముందు మఠం వేసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఎర్రటి జుట్టు ఒళ్ళో పడుతుంటే చుట్టుపక్కల వాళ్ళు తమ మొక్కులు వదిలేసి ఇతన్ని చూశారు. గుండుకి చందనం రాసుకుని అద్దంలో చూసుకున్నాడు. ఎండ తగిలిన నుదురు ఒక రంగు, గడ్డం కింద దాగిన చర్మం ఒక రంగు. అతను నవ్వాడు, నాకు ఏడుపొచ్చింది. బతికున్న మనిషిని తీసుకొచ్చి మొక్కు చెల్లించాను కదా అని ఏడ్చాను. వాళ్ళమ్మకి ఫొటో పంపితే, ఆవిడ ఏమనుకుందో గానీ, ధన్యవాదాలు అని రాసింది.

ఆ తర్వాతి క్లాసులో అరగంట గుండుకే పోయింది. ఒక్కొక్కరూ వచ్చి ముట్టుకుని వెళ్ళారు. మిగతా టైములో డిక్టేషన్. ఆ పిల్లకి పదికి పది. అతను కాగితం పట్టుకుని గబగబా నా దగ్గరికి వచ్చి చూపించాడు. పక్కదాని దగ్గర చూసి ఉంటుందిలే అన్నాను. పక్కదానికి ఆరే వచ్చాయి.

రెండు రోజుల తర్వాత సంగతి ఇది. గుండు వల్ల అతనికి జలుబు పట్టింది. తలా చెవులూ నోరూ అన్నీ కలిపి ఒక తుండుగుడ్డ చుట్టుకొచ్చాడు. నేను వెనక బెంచీలో కూర్చుని లెక్కల నోట్సులు దిద్దుతున్నాను. అతను ఆ పిల్లని ఏదో అడిగాడు. అది చూస్తూ కూర్చుంది, నవ్వింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ నవ్వు. ఇంతలో ఆయా టీ తెచ్చింది. అతను టీ కోసం తుండుగుడ్డ గడ్డం కిందికి లాక్కుని, ఒక గుక్క తాగి, అదే ప్రశ్న మూడోసారి అడిగాడు. అది చటుక్కున జవాబు చెప్పింది. టీ గ్లాసు కింద పెట్టి, గుడ్డ మళ్ళీ పైకి లాక్కుని ఇంకోటి అడిగాడు. పిల్ల మొహం మళ్ళీ ఖాళీ అయిపోయింది.

నా పెన్ను ఆగిపోయింది. లేచి వెళ్ళి సరిగ్గా దాని వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచాను. దాని పక్కపిల్ల తిరిగి చూసింది. కొంచెం గట్టిగా పిలిచాను. ముందు బెంచీ వాళ్ళూ తిరిగారు. అది మాత్రం తుండుగుడ్డ వంకే చూస్తూ, ఇవాళైనా జవాబు చెప్పాలని కాబోలు, ముందుకి వంగి కూర్చుంది.

అది వినేది చెవులతో కాదు, కళ్ళతో. అతను ఎదురుగా నిలబడి నోరంతా తెరిచి మాట్లాడినన్నాళ్ళూ అదే ఫస్టు. మీసం పెదవులు మూసేసింది, ఆ మీసాన్ని గీయనివ్వకుండా రేజరు బీరువాలో పెట్టింది నేను. అంతకుముందు రెండేళ్ళు నేను దానికి చూపించింది నా వీపు. బోర్డు వైపు తిరిగి, రాస్తూ, మాట్లాడుతూ, ఎంత బాగా చెప్తున్నానో అని మురిసిపోతూ.

బడి వదిలాక మెట్ల మీద కూర్చుని అతనికి చెప్పాను. అతను చాలాసేపు తన గడ్డం చోటు తడుముకుంటూ కూర్చున్నాడు. నేనూ గమనించలేదు కదా, నేనూ వదిలేశాను కదా అన్నాడు. నువ్వు నెలన్నర, నేను రెండేళ్ళు అన్నాను.

మర్నాడు శనివారం. సాయంత్రం దాకా ఆగలేక పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. అన్నేళ్ళుగా ఆ ఊరికి వెళ్తున్నా తరి నడుస్తున్న ఇంట్లో కాలు పెట్టడం అదే మొదలు. నాలుగు తరులు. ఆ చప్పుడుకి నా మాట నాకే వినపడలేదు. తల్లి రెండు తరుల మధ్య నిలబడి తెగిన పోగు అతుకుతూ, నన్ను చూసి పెదవులు కదిపింది. నాకేమీ అర్థం కాలేదు. గది అవతల బట్టలు మడతపెడుతున్న పిల్ల చెయ్యి ఊపి తల్లికి జవాబిచ్చి, నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది, అమ్మ కాఫీయా మజ్జిగా అని అడుగుతోందని. ఆ ఇంట్లో అందరూ అలాగే మాట్లాడుకుంటారు. పెదవులు, వేళ్ళు, కళ్ళు. అక్కడ చెవిటిదాన్ని నేనే.

తల్లి తరి పక్కకి వెళ్ళి, ఆవిడ చెవి దగ్గర అరిచాను, పిల్లకి వినపడదని. ఆవిడ నవ్వింది. నా చెవి దగ్గరికి వంగి అరిచింది.

“దానికి వినపడకపోయేదేమి? మా ఇంట్లో ఎవరు ఏమి చెప్పినా మొదట తెలిసేది దానికే.”

ఇంక అరవడానికి నా గొంతు లేదు. ఆవిడకి ఎదురుగా జరిగి, చప్పుడు చేయకుండా, పెదవులు మాత్రం స్పష్టంగా కదిపి చెప్పాను. ఆ రోజు నేను చెప్పింది తప్పు. పిల్ల మొద్దు కాదు. తప్పు నాది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ తల్లితోనూ నేను ఆ మాట అనలేదు, అనాల్సి వచ్చినప్పుడు కూడా. ఆవిడ నా నోటి వంకే చూసింది. ఒక్క మాట కూడా తప్పిపోకుండా చదివింది. చెయ్యి చాపి ఒక తరి ఆపింది, తర్వాత రెండోది. మిగతా రెండూ తనే వెళ్ళి ఆపింది. కరెంటు పోతే తప్ప పగటిపూట తరి ఆగని ఇల్లు అది.

“మీరు చెప్పినారని నెల దినాలుగా దాన్ని తిడుతుండాను టీచరమ్మా. మొద్దు, మొద్దు అని. అంతకు ముందర ఆ మాట మా ఇంట్లో లేదు. అది నవ్వుతానే ఉండాది.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తొమ్మిదిలో చేర్పించే బాధ్యత నాది, డాక్టరుకి చూపించే బాధ్యతా నాది అన్నాను. ఆవిడ మళ్ళీ అదే అంది, మీరు ఏమి చెప్తే అదే అని. ఆ మాట ఈసారి చాలా బరువుగా తగిలింది.

మధురైలో పరీక్షలు చేయించాం. అతనూ వచ్చాడు. చిన్నప్పుడు చెవుల్లో చీము కారి కారి ఆగిందట, దానంతటదే తగ్గిందని వదిలేశారట. ఎడమచెవి దాదాపు లేనట్టే, కుడిచెవి సగం. కొద్దికొద్దిగా పోయింది కాబట్టి, ఆ ఇంట్లో చెవులతో పని లేదు కాబట్టి, ఎవరికీ తెలియలేదు. పిల్లకే తెలియదు. రెండోసారి వెళ్ళినప్పుడు కుడిచెవికి మిషన్ పెట్టారు. అతను ఏప్రిల్లో వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు తన అట్టలన్నీ నాకిచ్చాడు, గుండు మీద అంగుళం జుట్టుతో. జూన్‌లో పిల్ల తొమ్మిదిలో చేరింది. ఇంట్లో తరులు నడిచేటప్పుడు మిషన్ తీసి డబ్బాలో పెట్టేస్తుందట, ఆ చప్పుడు భరించలేనని.

మిషన్ పెట్టించుకుని మధురై నుంచి వస్తున్నప్పుడు బస్సులో అది కిటికీ పక్కన, నేను దాని పక్కన. తల్లి ముందు సీట్లో నిద్రపోతోంది. నేను దాని వైపు పూర్తిగా తిరిగి, చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను. రెండేళ్ళు నేను బోర్డుకేసి తిరిగి చెప్తుంటే, వినపడడం లేదు టీచర్ అని ఒక్కసారైనా ఎందుకు అనలేదు?

అది కాస్త ఆలోచించి, అదే నవ్వు నవ్వింది.

“మీరు అట్ల తిరిగినప్పుడు ఎవరికీ వినపడదని అనుకొన్నాను టీచర్. అందరూ ఊహించి రాసేదే అనుకొన్నాను. మిగతావాళ్ళకి ఊహించేది బాగా వస్తుంది, నాకు రాదు అనుకొన్నాను.”

ఇప్పుడు బోర్డు మీద రాసేటప్పుడు నోరు మూసుకుంటాను. రాసి, సుద్ద కింద పెట్టి, తిరిగి, పిల్లల మొహాలు చూసి అప్పుడు చెప్తాను. పాఠానికి రెండింతల సమయం పడుతోంది.